బూడిదలో నిలబడి అన్న మాట

చర్చిలో సాక్ష్యాల సమయంలో మనం తరచుగా వినే మాట, "దేవుడు నమ్మదగినవాడు". ఉద్యోగం వచ్చిందని ఒకరు, రిపోర్టులో ఏమీ లేదని తేలిందని ఒకరు, ఎన్నో ఏళ్లకు బిడ్డ పుట్టిందని ఒకరు లేచి చెబుతారు. ఆ స్తోత్రం నిజమైనదే. కానీ మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మేమూ ఉపవాసముండి ప్రార్థించాం. ఆయన తిరిగి ఇంటికి రాలేదు. ఆ తర్వాతి ఆదివారం ఎవరో అదే మాట అంటే నా నోట ఆమేన్ రాలేదు.

అప్పుడే బైబిల్లోని విలాపవాక్యములు గ్రంథం మూడో అధ్యాయాన్ని నిదానంగా చదివాను. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది నీవు ఎంతైన నమ్మదగినవాడవు" (3:23). సంతోషంలో పాడుకునే ఈ వచనం ఏ చోట పుట్టిందో అంతవరకు నేను పట్టించుకోలేదు. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేము ప్రాకారాలు పడగొట్టి, సొలొమోను కట్టించిన మందిరాన్ని కాల్చివేసింది. ఏడాదిన్నర ముట్టడిలో ఆకలి తల్లుల చేత ఏం చేయించిందో 4:10లో ఉంది, దాన్ని ఇక్కడ రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆ బూడిదలో నిలబడి అన్న మాట ఇది.

ఈ గ్రంథంలో మొదటి నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరమాల వరుసలో సాగుతాయి. అక్షరాలు 22. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి చొప్పున 66 వచనాలు. దుఃఖం ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివాడు అక్షరాలనే ఊతకర్రగా పట్టుకుని నడిచినట్టుంటుంది. పద్దెనిమిదో వచనంలో యెహోవాయందు తనకిక ఆశలు లేవనుకున్నవాడే, ఐదు వచనాలు దాటేసరికి "నమ్మదగినవాడవు" అంటున్నాడు. ఈలోగా ఒక్క రాయి కూడా లేచి నిలబడలేదు. ఆయన చేసిందల్లా దేవుడు ఎలాంటివాడో జ్ఞాపకం చేసుకోవడమే. ఆ తర్వాత కూడా కన్నీళ్లు ఆగలేదు. మళ్లీ ఏడ్చాడు, గ్రంథం ముగిసేదాకా ఏడ్చాడు.

ఇక్కడ నమ్మకత్వానికి వాడిన హెబ్రీ మాట ఎమూనా. మనం పలికే ఆమేన్ కూడా ఆ ధాతువులోంచి వచ్చిందే. ఇదే మాట నిర్గమకాండము 17:12లో ఉంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కితే అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పట్టుకున్నారు. సూర్యుడు అస్తమించే వరకు ఆ చేతులు "నిలుకడగా" ఉన్నాయి. ఆ నిలుకడే ఎమూనా. మోషే చేతులకు ఇద్దరి ఆసరా కావలసి వచ్చింది. దేవుని చేతికి ఆసరా అక్కర లేదు, అది అలసిపోదు.

నన్ను ఎక్కువగా కదిలించింది 2:17. పూర్వం తాను విధించినదాన్నే యెహోవా నెరవేర్చాడని ఈ భక్తుడు ఒప్పుకుంటాడు. నిబంధన మీరితే ఏమవుతుందో ద్వితీయోపదేశకాండము 28లో ముందే చెప్పి ఉంది, అలాగే జరిగింది. అంటే ఆ శిథిలాలు కూడా దేవుడు మాట తప్పడని చూపించాయి. హెచ్చరికలో మాట తప్పనివాడు వాగ్దానంలో తప్పుతాడా? బబులోను చెర 70 సంవత్సరాలు అని యిర్మీయా ప్రవక్త ద్వారా చెప్పిన మాటను దానియేలు చెరలో ఉండగా చదివి, దాన్ని పట్టుకుని ప్రార్థించాడు. క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో జనం తిరుగుప్రయాణం కట్టారు. "నేను మార్పులేనివాడను గనుక యాకోబు సంతతివారైన మీరు లయము కాలేదు" అన్న మలాకీ 3:6 మాట వాళ్ల తర్వాతి తరాలకు వంటబట్టి ఉంటుంది.

మా నాన్నగారి మరణం శిక్ష అని నేననడం లేదు. ప్రతి బాధకూ పాపాన్ని లెక్కకట్టడం యోబు స్నేహితులు చేసిన తప్పు. నేను అనేది వేరు. నేను అడిగింది ఇస్తేనే నమ్మదగినవాడు అని మనసులో ఒక కొలబద్ద పెట్టుకున్నాను. వాక్యం ఆ కొలబద్దను ఒప్పుకోదు. "మనము నమ్మదగనివారమైనను, ఆయన నమ్మదగినవాడుగా ఉండును, ఆయన తన స్వభావమునకు విరోధముగా ఏదియు చేయలేడు" (2 తిమోతి 2:13). సర్వశక్తిమంతుని గురించి "చేయలేడు" అని రాసి ఉండటం చూసి చాలాసేపు ఆగిపోయాను. నా విశ్వాసం రోజుకొక తీరుగా ఉంటుంది. ఆయన స్వభావం నా విశ్వాసం మీద ఆనుకొని లేదు. ఆ స్వభావాన్ని కళ్లారా చూడాలంటే నేను సిలువ దగ్గరికే వెళతాను. అక్కడ పాపం గురించిన హెచ్చరికా, కృప గురించిన వాగ్దానమూ ఒకే దేహంలో నెరవేరాయి.

సాక్ష్యాల సమయంలో ఇప్పుడు నేనూ ఆమేన్ అంటున్నాను. కొన్ని ఆదివారాలు గొంతు పూడుకుపోతుంది. అప్పుడు నా పక్కన ఒకవైపు ఒకరు, మరోవైపు మరొకరు ఆమేన్ అంటారు.