ఇంకో మూడు నిమిషాలుంటే
కర్నూలు నుంచి అనంతపురానికి రాత్రిపూట కారు నడిపితేనే గుత్తి దగ్గరికొచ్చేసరికి నాకు కళ్లు మూతలు పడతాయి, ఆగి టీ తాగాల్సిందే. అలాంటిది ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ కారు రేసులో ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా 24 గంటలు నడుపుతారు, 13.626 కిలోమీటర్ల ట్రాక్ మీద, రాత్రంతా. వేగం ఒక్కటే చాలదండీ. 2016లో అందరికంటే ముందున్న టయోటా కారు, ఇంకో మూడు నిమిషాల్లో రేసు అయిపోతుందనగా పవర్ పోయి ఆగిపోయింది, గెలుపు పోర్షేకి వెళ్లిపోయింది. ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బోకీ, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కీ మధ్య గాలి గొట్టం కనెక్టర్ పాడైందని తర్వాత తేలింది. అంత చిన్న భాగం! నాకైతే ఏడుపొచ్చింది. అందుకే నా దృష్టిలో సగం గెలుపు నిద్ర మానుకుని ప్రతి బోల్టునూ రెండుసార్లు చూసుకునే మెకానిక్‌లదే. టయోటా మాత్రం వదల్లేదు, 2018లో గెలిచింది.