ఏ పుస్తకం ఎవరి చేతికి: కడపలో మా సంఘం అనుభవం

"చదువుకోను ఏదైనా మంచి క్రైస్తవ పుస్తకం చెప్పక్కా" అని మా సంఘంలో ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ఇంట్లో ఎట్లుంది, రాత్రిళ్లు నిద్ర పడుతోందా, చదవడానికి ఎంతసేపు దొరుకుతుంది, కండ్లద్దాలు మార్పించుకున్నారా అని ముందు అడుగుతాను. మా సిఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న పుస్తకాల బీరువాను మళ్లీ నడిపే పని నా మీద పడ్డాక అబ్బిన అలవాటు ఇది. ఆ పని ఎట్లా సాగిందో, ఏ పుస్తకం ఎవరికి అక్కరకొచ్చిందో రాస్తున్నాను. మీ సంఘంలోనూ ఇట్లాంటిది మొదలుపెట్టాలని ఉంటే కొంతైనా పనికొస్తుంది.

బీరువా వెస్ట్రీలో, అంటే ఆరాధనకు ముందు పాస్టరు గారు తయారయ్యే గదిలో ఉండేది. లోపల పాత కీర్తనల పుస్తకాలు, పంచాంగాలు, మిషన్ వాళ్ల కాలపు వార్షిక నివేదికలు, ఎవరూ ముట్టుకోని లావుపాటి ఇంగ్లీషు వ్యాఖ్యానాలు. కింది అర మొత్తం చెదలు తినేసింది. యౌవనస్థుల కూటం పిల్లలు ఒక శనివారం వచ్చి అన్నీ బయటికి తీసి, నీడలో ఆరబెట్టి, దుమ్ము తుడిచి, ఎండిన వేపాకు వేసి మళ్లీ సర్దారు. చినిగిన తాళపత్రాలు, కాగితాలు ఏరి తెచ్చి పండితుల చేత సరిచేయించి, వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన బ్రౌను దొర కాపురమున్న ఊరు మాది. ఆయన పేరున ఎర్రముక్కపల్లెలో గ్రంథాలయం ఉంది. అట్లాంటి ఊళ్లో గుడి పుస్తకాలు చెదల పాలు కావడం నాకు నిజంగా కష్టమనిపించింది.

కొత్త పుస్తకాలకు డబ్బు కావాలంటే కమిటీ ఒప్పుకోవాలి. పాస్టరు అయ్యగారు సరేనన్నారు. ఒక పెద్దాయన మాత్రం, "బైబిలు చదివేవాళ్లే తక్కువైపోయినారు, మళ్లా వేరే పుస్తకాలు యాడికి?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే దాన్నే మా కొలతగా పెట్టుకున్నాం. ఏ పుస్తకమైనా మూసేసరికి చదివిన మనిషి బైబిలు తెరవాలి, అట్లా తెరిపించనిది మా బీరువాలోకి రాదు. ఆ మాట విన్నాక ఆయనే ఒక ఆదివారం ప్రత్యేక కానుక పట్టించారు.

మొదట తెప్పించింది 'ఎడారిలో సెలయేర్లు'. తెలుగు క్రైస్తవ ఇళ్లలో చాలామందికి తెలిసిన పుస్తకమే. రోజుకొక పేజీ, ఏడాదికి సరిపోతుంది. రాసినామె లెట్టీ కౌమన్ భర్తతో కలిసి జపాన్‌లో మిషనరీగా పనిచేసింది. ఆయన జబ్బుపడి ఆరేళ్లు లేవలేక, 1924లో కన్నుమూశారు. ఆ ఆరేళ్లూ తనను నిలబెట్టిన వాక్యాలు, ప్రసంగాల ముక్కలు, పద్యాలు పోగుచేసి 1925లో అచ్చు వేయించింది. ఈ సంగతి ముందే చెప్పి ఇస్తే చదివే తీరు మారిపోతుంది. పక్షవాతంతో మంచం పట్టిన భర్తకు సేవచేసే ఒక పెద్దమ్మకు ఇచ్చాను. "నాకు కండ్లు సరిగా ఆనవు మా" అంది. మనవరాలు బడికి పోయే ముందు ఒక పేజీ గట్టిగా చదివి పోయేటట్టు మాట్లాడుకున్నాం. రోగి పక్కన కూర్చునేవాళ్లకు పొడుగు పుస్తకం ఇవ్వకూడదు. ఏ నిమిషాన పిలుపొస్తుందో తెలియని మనిషి పేజీ మధ్యలో లేవాల్సొస్తుంది. ఒక్క పేజీతో ముగిసేది అయితే రేపు మళ్లీ మొదలుపెట్టొచ్చు.

లెంటు (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు) శుక్రవారాలకు 'యాత్రికుని ప్రయాణము' తీసుకున్నాం. జాన్ బన్యన్ అనుమతి లేకుండా ప్రసంగించినందుకు బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేళ్లు ఉన్నాడు. పుస్తకం 1678లో వచ్చింది. పాత తెలుగు అనువాదం గ్రాంథికం, డిగ్రీ పిల్లలకు సగం వాక్యాలు మింగుడుపడవు. అందుకని కూటానికి ఒక ఘట్టం చొప్పున, ఒకరు చదవడం, నేను వాడుక మాటల్లో చెప్పడం. కథలో యాత్రికుడైన క్రైస్తవుడి వీపు మీది పాపాల మూట సిలువ దగ్గర జారిపడే ఘట్టం అందరికీ తెలుసు. పిల్లల్ని పట్టింది మాత్రం నిరాశ అనే రాక్షసుడి కోట. క్రైస్తవుడూ అతని స్నేహితుడూ చీకటి కొట్లో పడి దెబ్బలు తింటుంటే, వాగ్దానం అనే తాళంచెవి మొదటినుంచీ తన రొమ్ములోనే ఉన్నట్టు క్రైస్తవుడికి చివరికి గుర్తొస్తుంది. నీట్ ర్యాంకు రాక ఇంట్లోంచి కదలని ఒక పిల్లోడు ఆ రోజు వచ్చాడు. కూటం అయినాక పుస్తకం అడిగి తీసుకుపోయాడు.

నాకు ఎక్కువ కష్టమైంది, ఎక్కువ తృప్తినిచ్చిందీ కోరీ టెన్ బూమ్ కథ. 1971లో ఇంగ్లీషులో వచ్చిన ఆమె ఆత్మకథ నా దగ్గరుంది. ఆరాధన అయ్యాక అరగంట, వారం వారం తెలుగులో చెప్పాను. హాలెండ్‌లోని హార్లెమ్ ఊళ్లో వాళ్లది గడియారాల దుకాణం. నాజీలు యూదుల్ని పట్టుకుపోతుంటే కోరీ పడకగదిలో అడ్డగోడ కట్టి వెనక మనుషుల్ని దాచారు. 1944 ఫిబ్రవరిలో ఎవరో చెప్పేశారు, కుటుంబాన్ని పట్టుకుపోయారు. ఎనభై దాటిన తండ్రి పది రోజులకే ఖైదీగా చనిపోయాడు. అక్క బెట్సీ, కోరీ రావెన్స్‌బ్రూక్ శిబిరానికి చేరారు. అక్కడి కొట్టం నిండా గోమార్లలాంటి పురుగులు. బెట్సీ వాటికోసం కూడా దేవునికి స్తోత్రం చెప్పమంటుంది, కోరీకి మనసొప్పదు. తర్వాత తెలుస్తుంది, ఆ పురుగులకు భయపడే కావలివాళ్లు లోపలికి రావడం లేదని, అందుకే లోపల బైబిలు చదువుకోగలిగారని. ఆ ఏడాది డిసెంబరులో బెట్సీ చనిపోయింది. కొన్నాళ్లకే కోరీ విడుదలైంది. తమ రాతకోతల్లో జరిగిన పొరపాటు వల్లే ఆమెను వదిలేశారు.

ఇంతవరకు అందరూ మెచ్చుకుంటూ విన్నారు. నేను చెప్పాలనుకున్నది దీని తర్వాతిది. యుద్ధం అయ్యాక మ్యూనిక్‌లో కోరీ క్షమాపణ గురించి మాట్లాడితే, శిబిరంలో కావలి ఉన్న ఒకడు ఎదురొచ్చి చెయ్యి చాచాడు. ఆమె చెయ్యి లేవలేదు. తన కళ్లముందే చిక్కిపోయిన అక్క గుర్తొచ్చింది. లోపల ప్రార్థన చేసుకుంది, నాకు చేతకావడం లేదు, నీ క్షమాపణ నాకియ్యి అని. అప్పుడు చెయ్యి ఇవ్వగలిగింది.

ఆ వారం వెనక బెంచీలో ఒక అన్న కూర్చున్నాడు. తమ్ముడితో పొలం గట్టు తగాదా, కోర్టు దాకా పోయింది, తమ్ముడి బిడ్డ పెళ్లికి కూడా పోలేదు. మన సీమలో పగ ఎట్లా వంశాలు దాటుతుందో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. అందరూ పోయాక నా దగ్గరికొచ్చి, "ఆయమ్మ నిజంగా చెయ్యి ఇచ్చిందా?" అన్నాడు. "ఇచ్చిందన్నా. కానీ ముందు ఇయ్యలేకపోయింది" అన్నాను. ఆ రెండో మాట విని ఆయన చాలాసేపు నిలబడ్డాడు. వారం తిరిగేసరికి భార్యను వెంటబెట్టుకొచ్చి ఆ ముక్క ఆమెకు మళ్లీ చెప్పమన్నాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఆ ఇంట్లో దాని గురించి ఇప్పుడు ప్రార్థన చేసుకుంటున్నారని ఆమె చెప్పింది. క్షమించడం గురించి రాసిన పుస్తకాలు బజారులో బోలెడున్నాయి. క్షమించలేకపోయిన ఘడియను దాచకుండా రాసినవి తక్కువ, అందుకే నేను ఈ పుస్తకాన్ని అంతగా చెప్తాను.

చిన్న వయసులోనే భర్త పోయిన ఒక చెల్లెలు మా సంఘంలో ఉంది. చావు తర్వాత వచ్చినవాళ్లందరూ ఓదార్పు పుస్తకాలు తెచ్చి పెట్టారు, ఆ అమ్మాయి ఒక్కటీ తెరవలేదు. "నన్ను చూసి అయ్యో అనే పుస్తకం నాకొద్దక్కా" అంది. ఆమెకు పండిత రమాబాయి సంగతి చెప్పాను. 1858లో పుట్టింది. ఆడపిల్లకు సంస్కృతం నేర్పకూడదన్న కాలంలో తండ్రి నేర్పించాడు. మన సీమను ఊడ్చేసిన 1876-78 నాటి ధాత కరువుకు కొద్దిగా ముందు, దక్షిణాది కరువులోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది. అన్నతో కాలినడకన దేశం తిరిగింది. 1878లో కలకత్తా పండితులు పండిత అని, సరస్వతి అని బిరుదులిచ్చారు. పెళ్లయిన రెండేళ్లలోపే 1882లో భర్త కలరాతో పోయాడు, చేతిలో పసిబిడ్డ. ఇంగ్లండ్ పోయి చదువుకుని, అక్కడే క్రీస్తును నమ్మి, తిరిగొచ్చి 1889లో బొంబాయిలో వితంతువులకు శారదా సదన్ పెట్టింది. తర్వాత పూణె దగ్గర కేడ్గావ్‌లో ముక్తి ఆశ్రమం. కరువులో దిక్కులేని ఆడబిడ్డలను వందలమందిని తెచ్చుకుంది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి తెచ్చింది, ఆశ్రమం ప్రెస్సులో అమ్మాయిలే అక్షరాలు పేర్చారు.

1907లో ఆమె ఇంగ్లీషులో రాసుకున్న సాక్ష్యం చిన్నది. అందులో నాకు ముఖ్యమనిపించిన భాగాలు తెలుగులో ఒక లాంగ్ నోటుబుక్కులో రాసిచ్చాను. రమాబాయి మతం గురించి తొందరగా తేల్చుకోలేదు. అడిగింది, వాదించింది, గురువులతో విభేదించింది, బాప్తిస్మం తీసుకున్నాక కూడా చాలాకాలం వెతుకుతూనే ఉన్నానని తానే రాసింది. ఆ చెల్లెలు ఆ నోటుబుక్కు చదివి, "ఈమె ఊరికే ఒప్పుకోలేదు కదక్కా" అంది. ఇప్పుడు కుట్టుమిషన్ పని చేసుకుంటూ ఓపెన్ డిగ్రీ కట్టింది. పుస్తకం వల్లే అని నేననను, ఆ పిల్ల మొదటినుంచీ గట్టిదే. నోటుబుక్కు ఆమె దగ్గరినుంచి ఇంకో ఇంటికి పోయింది.

వేలూరు సీఎంసీ ఆసుపత్రి పెట్టిన అమెరికా మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ కథను చెప్పమని అడగకముందే చెప్పొచ్చు. మా వైపు పెద్ద జబ్బు చేస్తే రేణిగుంట మీదుగా కాట్పాడికి రైలెక్కి వేలూరు పోతాం. ఆ సీఎంసీ ఎట్లా పుట్టిందో చాలామందికి తెలియదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు, ఒక బ్రాహ్మడు, ఒక ముస్లిం, ఇంకొక హిందువు, కాన్పు కష్టమైన భార్యల కోసం సాయమడగొచ్చారు. మగ డాక్టరు చూడకూడదన్నారు, ఐడా అప్పటికి డాక్టరు కాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆమె అమెరికా పోయి 1899లో డాక్టరైంది, మరుసటి ఏడాది ఒక్క మంచంతో మొదలుపెట్టింది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక అమ్మకు ఆమె జీవిత చరిత్ర ఇస్తే, ఆమే దాన్ని నర్సింగు చదివే పిల్లలకు చెప్పే పని ఎత్తుకుంది. నాకు ఆ బాధ తప్పింది.

జాషువా 'క్రీస్తు చరిత్ర' గురించి రెండు మాటలు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కావ్యం. మన పిల్లలకు పద్యమంటే భయం, అయినా గట్టిగా చదివించాల్సిందే. మా బడిలో నాతో పనిచేసే తెలుగు సారు, హిందువు, అడిగి తీసుకుపోయి, తరగతిలో రాగం తీసి చదివారు. క్రైస్తవం తెలుగులో ఎంత అందంగా ఒదుగుతుందో తెలియాలంటే ప్రతి ఆదివారం పాడుకునే పురుషోత్తమ చౌదరి కీర్తనలు, ఈ కావ్యం చాలు.

ఇక ఇవ్వనివీ ఉన్నాయి. విశ్వాసముంటే జబ్బు పోయి తీరుతుందని చెప్పే పుస్తకం రోగి ఉన్న ఇంటికి పంపను. జబ్బు పోకపోతే ఆ తల్లి తన విశ్వాసమే చాల్లేదని కుమిలిపోతుంది. బిడ్డకు క్యాన్సరు చికిత్స జరుగుతున్న ఇంటికి పోయినప్పుడు ఏ పుస్తకమూ తీసుకుపోలేదు. 88వ కీర్తన చదివాను. మొర మొరగానే ఉండి చీకటితోనే ముగిసే కీర్తన అది. ఆ తండ్రి, "ఇట్లాంటిది కూడా బైబిల్లో ఉందా?" అని పేజీ మడిచి పెట్టుకున్నాడు. ఇచ్చిన కానుకకు రెట్టింపు డబ్బొస్తుందని ఆశపెట్టే పుస్తకాలకు మా బీరువాలో చోటు లేదు, కమిటీలో ఆ మాట రాయించుకున్నాం కూడా. మిషనరీలను తప్పే లేని దేవదూతల్లాగా రాసిన పుస్తకాలూ పక్కన పెడతాను. చదివినవాళ్లు చేతులు జోడిస్తారే గానీ, అట్లా బతకొచ్చని అనుకోరు.

ఇప్పుడు బీరువా దగ్గర ఒక రిజిస్టరు ఉంది. పుస్తకం తిరిగిచ్చేవాళ్లు పేరు, తేదీతోపాటు, ఇది ఎట్లాంటి మనిషికి పనికొస్తుందో ఒక వాక్యం రాయాలి. బాగుంది అని మాత్రం రాస్తే ఒప్పుకోము. "పరీక్ష తప్పినోళ్లకు", "అత్తగారితో పడనోళ్లకు", "రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు", ఇట్లా రాస్తున్నారు. కొత్తగా అడిగినవాళ్లకు నేను లేకపోయినా ఆ పేజీలే దారి చూపిస్తున్నాయి.

ఈసారి లెంటుకు బ్రదర్ లారెన్స్‌ను అనుకుంటున్నాం. పారిస్‌లో ఒక మఠం వంటింట్లో గిన్నెల మధ్య చాలా ఏళ్లు పనిచేసిన సన్యాసి, 1691లో చనిపోయాడు. దేవుడు తనకు పొయ్యి దగ్గర కూడా గుడిలో ఉన్నంత దగ్గరగానే ఉన్నాడని ఆయన సంభాషణల్లో, ఉత్తరాల్లో చెప్పుకొచ్చాడు. వాటిని ఇతరులు పోగుచేస్తే చిన్న పుస్తకమైంది. వారానికొక ఉత్తరం చొప్పున వాడుక తెలుగులో రాస్తున్నాను. మొదటిది అయింది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మ మా సంఘం మనిషే, ముందు ఆమెకు చదివి వినిపించి, ఎక్కడ అర్థం కాలేదంటుందో అక్కడ దిద్దుకోవాలి.