ఫారం ఏడు అడిగిన పెద్దమనిషి

పొద్దుగాల షట్టర్ లేపేసరికే పక్క చాయ్ బండి కాడ లొల్లి. ఎవరో ఫోన్ల టీవీ చర్చ పెట్టిండు. బయటి దేశపోళ్లకు ఓట్లిస్తున్నరని ఒకాయన, పేదోళ్ల ఓట్లు పీకేస్తున్నరని ఇంకొకాయన. నడుమ నడుమ మయన్మార్ నుంచి శరణు కోరి వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌ల ఉంటున్న రోహింగ్యాల ముచ్చట. హన్మకొండల జిరాక్స్ షాపు పెట్టుకున్నోనికి ఈ అరుపులకంటే దరఖాస్తులే ఎక్కువ నేర్పుతయి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ల సంగతి చిన్నదే: పౌరుడు కానోని పేరు ఓటరు జాబితాల ఉండొద్దు. శరణార్థి కార్డున్నా అంతే. శరణార్థుల గురించి 1951ల అయిన అంతర్జాతీయ ఒప్పందంల మన దేశం చేరనే లేదు. పంచాయితీ అంతా పౌరుడని ఏ కాగితం చూసి, ఎవరు తేల్చాలె అన్నకాడ్నే.

జర ఎండెక్కినంక ఒక పెద్దమనిషి వచ్చి ఫారం 7 అడిగిండు, ఓటరు జాబితాల పేరు తీసేయించే కాగితం. కొడుక్కు అమెరికా పౌరసత్వం వచ్చిందట. పోయిన అధ్యక్ష ఎన్నికలప్పుడు ఓటేసి, అంగీకి స్టిక్కర్ అంటించుకొని ఫొటో పంపిండట. గ్రీన్ కార్డున్నన్ని రోజులు పన్ను కట్టుడే తప్ప ఓటు లేదు. పౌరుడు కానోడు జాతీయ ఎన్నికల్ల ఓటేస్తే నేరమని అక్కడ 1996లనే చట్టం చేసిండ్రు. "అక్కడ గూడ గిదే లొల్లట బిడ్డా, బయటోళ్లు ఓటేస్తున్నరని," అన్నడు.

"వాని ఇక్కడి ఓటు అట్లనే ఉంచితే ఏమైతది?"

ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే మనది దానంతటదే పోతదని, అట్ల బయటి పౌరులైన మనోళ్లకిచ్చే ఓసీఐ కార్డుకు ఓటు రాదని చెప్పిన. మన పాస్‌పోర్టే ఉంటే ఫారం 6ఏ ఉండె. ఎన్నారైలకు 2011 నుంచి ఆ సౌలత్ ఉన్నది గని, పాస్‌పోర్టు పట్టుకొని స్వయంగా బూతుకు రావాలె. దుబాయ్‌ల కూలి చేసేటోడు ఒక్క ఓటుకోసం టికెట్ కొంటడా?

"మరి వేములవాడ ఎమ్మెల్యే సంగతేంది?" అన్నడు పెద్దాయన. అప్పట్ల అక్కడ ఎమ్మెల్యేగ ఉన్న చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని హైకోర్టు చెప్పింది 2024 డిసెంబర్‌ల. 30 లక్షల ఖర్చులు గూడ వేసింది. అండ్ల 25 లక్షలు కేసు కొట్లాడిన ఆది శ్రీనివాస్‌కు. "ఎమ్మెల్యేగిరి అంతా అయిపోయినంక తేల్చిండ్రు. నా కొడుకు ఒక్క ఓటుకు గింత తొందరా?" నవ్వాపుకోలేకపోయిన. ఫారం అయితే తీసుకపోయిండు, రాత్రి కొడుకును అడిగి నింపుతనని. పేరు కొట్టేయించుడు ఆయనకు మనసున పడుతలేదు.

పగటీలి రైస్‌మిల్లు హమాలీ ఒకాయన వచ్చిండు, బీహారాయన. వాళ్ల రాష్ట్రంల 2025ల జాబితా సవరించినప్పుడు ముసాయిదాల దగ్గరదగ్గర 65 లక్షల పేర్లు లేకుంటపోయినయి. సచ్చిపోయినోళ్లు, రెండుకాడ్ల ఉన్నోళ్లు, వలసపోయినోళ్లు. ఈయన పేరుందా అని కార్డు నంబర్ కొట్టి చూసిన. ఉన్నది. "ఇక్కడ రాయించుకుంటే అక్కడ పోతదా?" పోతది. ఒక్కకాడ్నే ఉండాలె, మారాలంటే ఫారం 8.

చాయ్ బండి కాడోడు ఊకుంటడా? "వీళ్లకిక్కడ ఓటెందుకన్నా?" అన్నడు. వాని బావమరిది డల్లాస్‌ల ఉంటడు. హెచ్1బీ వీసాకు లక్ష డాలర్ల ఫీజు పెట్టిన రోజు అమెరికాను బండబూతులు తిట్టిండు వీడే. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏండ్లకేండ్లు గల్ఫ్‌ల ఉండి, సెలవుకొచ్చినప్పుడు ఓటేసి పోయేటోళ్లను ఎవడూ ఎందుకని అడగడు. మన బియ్యం మూటలు మోసేటోన్ని మాత్రం అడగాలె! కోపమొచ్చి గట్టిగనే అన్న. చాయ్ పైసల్ తీసుకొని అటు తిరిగిండు.

నేనైతే ఇక్కడ్నే రాయించుకొమ్మన్న. హమాలీ ఒప్పుకోలే. ఊర్ల ముఖియా, అంటే మన సర్పంచ్ లెక్క, ఎన్నికకు కాజీపేటల దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోతడట, ఇక్కడి కార్పొరేటర్‌తోని తనకేం పనట. మరి మీ షెడ్డు కాడ నల్లా, మోరీ ఎవరు చూస్తరంటే, "మిల్లు సేటు" అన్నడు.