మంగళవారం: నీళ్ల సీసా, నెత్తురు ట్యూబు, నల్ల గోళం

శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఈ ఊళ్లో ఉద్దానం కిడ్నీ జబ్బు సర్వేకి మూత్రం డబ్బాలు నిన్న సాయంత్రమే పంచారు. ఇవాళ ఐదున్నరకల్లా అవి తిరిగి రావాలి. పడుకుని లేచాక వచ్చే మొదటి మూత్రమే కావాలి. పగలు తిరిగాక పట్టినదాంట్లో కొందరికి జబ్బేమీ లేకుండానే అల్బుమిన్ అనే ప్రోటీన్ కనిపిస్తుంది, ముఖ్యంగా కుర్రాళ్లకి. ఆరు దాటితే ఎవరూ ఇళ్ల దగ్గర దొరకరు, జీడిపిక్కలు ఏరే రోజులు.

డబ్బా చేతికిస్తూ ఓ ముసలమ్మ ఆశా కార్యకర్తని నిలదీసింది. "ఏటమ్మీ, ఏటేటా నెత్తురు తీసీసుకుంతారు. ఎందుకొచ్చిందో ఒక్కలూ సెప్పరు." "ఈపాలి నీల్లు కూడా తీసుకుంతారంట మామ్మా," అంది ఆ అమ్మాయి. అంతకు మించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ముసలమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఉద్దానం ఊళ్లలో షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోతున్నాయి. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికాలో చెరకు నరికేవాళ్లలోనూ ఇలాంటి జబ్బే ఉంది. నీళ్లలో సిలికా (ఇసకలోని ఖనిజం) అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు. అనుమానాలకి కొదవలేదు. నీళ్ల ఇంజినీరు ఒక నూతిలో నీళ్లు తీసుకెళ్తాడు, డాక్టరు ఇంకో వీధిలో నెత్తురు తీస్తాడు, ఎండ కొలిచేవాళ్లు మూడో ఊళ్లో మీటరు పెడతారు. మూడూ ఒకే మనిషి దగ్గర కలవకపోతే ఎన్నేళ్లు కొలిచినా ఏది దేనివల్లో తేలదు. అందుకే ఇవాళ్టి పని చూడ్డానికి చిన్నదే: ఒక మనిషి, ఒక నంబరు, ఆ నంబరు మీదే మూత్రం, నెత్తురు, ఆ ఇంటి నీళ్లు, ఆ మనిషి పనిచేసే చోటి ఎండ. లేబుళ్లు బార్‌కోడువే గానీ పక్కన పెన్సిలుతో కూడా నంబరు రాయాలి. ఐసు పెట్టెలో తడికి జిగురు ఊడుతుంది, పెన్ను సిరా స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది, పెన్సిలు గీత ఉంటుంది.

నెత్తురు తీయడం బడి వరండాలో. చెయ్యి మీద స్పిరిట్ పూర్తిగా ఆరాకే సూది. కట్టిన పట్టీ నిమిషం దాటకూడదు. 21 గేజి సూది చాలు. నరం సన్నగా ఉందని సిరంజితో గట్టిగా లాగి, అదే సూదితో ట్యూబులోకి నొక్కితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అప్పుడు సీరం (గడ్డ విడిపోయాక మిగిలే పసుపు నీరు) గులాబీ రంగుకి తిరుగుతుంది, లోపలి పొటాషియం బయటికొచ్చి రిపోర్టులో ప్రమాదకరంగా 6 కనిపిస్తుంది, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. పసుపు మూత జెల్ ట్యూబుని ఐదుసార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, ఊపకూడదు. తరవాత అరగంట నిలబెట్టి ఉంచితే గడ్డ కడుతుంది. తొందరపడి ముందే, గిర్రున తిప్పి సీరాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజులో పెడితే సీరంలో దారాల్లాంటి ఫైబ్రిన్ మిగిలి మిషన్ గొట్టానికి అడ్డం పడుతుంది.

సెంట్రిఫ్యూజు దగ్గర అందరూ "మూడువేలు, పది నిమిషాలు" అంటారు. నిమిషానికి మూడువేల తిప్పులు అన్నంత మాత్రాన బలమెంతో తెలియదు, చక్రం వ్యాసార్ధం కూడా కావాలి. వ్యాసార్ధం సెంటీమీటర్లలో, దాన్ని తిప్పుల వర్గంతో గుణించి, 0.00001118తో మళ్లీ గుణిస్తే భూమ్యాకర్షణకి ఎన్ని రెట్లో వస్తుంది. 15 సెంటీమీటర్ల మిషన్లో మూడువేలకి సుమారు 1500 రెట్లు. ఊళ్లకి తెచ్చే చిన్న మిషన్ వ్యాసార్ధం 10 సెంటీమీటర్లే ఉంటే అదే మూడువేలకి 1000 రెట్లే, జెల్ గడ్డకీ సీరానికీ మధ్యలోకి సరిగ్గా రాకపోవచ్చు. దానికి 3500 పెడితే 1370 దాకా వస్తుంది. ఇంకో సంగతి, వేరు చేయని నెత్తుర్ని ఐసులో పెట్టడం. చల్లదనానికి కణాల్లోని సోడియం పొటాషియం పంపు మందగించి పొటాషియం బయటికి కారిపోతుంది. ముందు తిప్పాలి, ఆ తరవాతే ఐసు. ఐసు ప్యాకులు కూడా ఫ్రీజర్లోంచి తీయగానే పెట్టకూడదు. ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి, లేకపోతే గోడకి ఆనుకున్న ట్యూబులు గడ్డకట్టేస్తాయి.

ఇంత చాదస్తం దేనికంటే, కండల్లో పుట్టి కిడ్నీ వడకట్టి పారేసే వ్యర్థమైన క్రియాటినిన్‌లో చిన్న తేడాకి మనిషి జాతకమే మారిపోతుంది. 45 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1.4 ఉంటే దాన్నీ వయసునీ బట్టి అంచనా వేసే 2021 సీకేడీ ఎపీ లెక్కలో కిడ్నీ వడపోత 63. అదే 1.5 వస్తే 58. జబ్బు గీత 60 దగ్గర. అంటే 0.1 తేడాకి ఆరోగ్యవంతుడు కాస్తా రోగుల పట్టికలోకి వెళ్లాడు. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ వాడే జాఫే పద్ధతిలో పిక్రిక్ ఆమ్లం ఒక్క క్రియాటినిన్‌తోనే రంగివ్వదు; గ్లూకోజు, కీటోన్లు, ప్రోటీన్లు, కొన్ని సెఫలోస్పోరిన్ మందులు కూడా ఆ రంగులో చేరతాయి. ఎంజైమ్ పద్ధతి ఖర్చెక్కువ, కానీ ఒక ఏడు జాఫే, ఇంకో ఏడు ఎంజైమ్ వాడి "ఊళ్లో జబ్బు తగ్గింది" అనడం కంటే ఆ ఖర్చే నయం. రాత్రి మాంసం కూర తిన్నా క్రియాటినిన్ కొన్ని గంటలపాటు పైకి పోతుంది. అందుకే ప్రశ్నాపత్రంలో "నిన్న రాత్రి ఏం తిన్నారు" అన్నది ఊరికే పెట్టింది కాదు. కండ తక్కువున్న మనిషికి దీనికి తలకిందులుగా జరుగుతుంది: కిడ్నీ సగం పోయినా క్రియాటినిన్ నిక్షేపంగా కనిపిస్తుంది. చోడి అంబలి తాగి పొద్దస్తమానం తోటలో పనిచేసే బక్కపల్చటి ఆడవాళ్ల విషయంలో కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి పరీక్ష కూడా చూడకుండా "బాగుంది" అనకూడదు.

డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ) మీద ఇక్కడ నాకు పెద్ద నమ్మకం లేదు. ఉద్దానం జబ్బు మొదట దెబ్బతీసేది వడపోసే జల్లెడని కాదు, దాని కింద ఉండే గొట్టాలని. జల్లెడ చిరిగితే అల్బుమిన్ కారుతుంది, పట్టీ రంగు మారుతుంది. గొట్టాలు పాడైతే కారేవి ఆల్ఫా 1 మైక్రోగ్లోబ్యులిన్, బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్ లాంటి చిన్న ప్రోటీన్లు, అవి పట్టీకి కనిపించవు. బీటా 2కి ఇంకో తలనొప్పి: మూత్రం పీహెచ్ ఆరు కంటే తక్కువుంటే మూత్రాశయంలో ఉండగానే విరిగిపోతుంది. పొద్దుటి మూత్రం ఎక్కువగా పుల్లగానే ఉంటుంది కాబట్టి ల్యాబుకెళ్లాక సున్నా వచ్చినా అర్థం లేదు. పల్లెలో పనికి ఆల్ఫా 1 మేలు.

నీళ్ల సీసాల దగ్గర ఒక్క నియమం మరిస్తే రోజంతా వృథా. సిలికా చూడాలంటే గాజు సీసా వాడకూడదు, గాజులోంచే సిలికా నీళ్లలోకి దిగుతుంది. పాలిథిన్ సీసా, మూతదాకా నింపి, నాలుగు డిగ్రీల్లో ఉంచాలి, గడ్డకట్టించకూడదు. గడ్డకడితే సిలికా అణువులు ఒకదానికొకటి పట్టుకుని, తరవాత మాలిబ్డేట్ రంగు పరీక్షకి అందకుండా పోతాయి. లోహాలకి వేరే సీసా. అందులో నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ రెండు కిందికి దించాలి, లేకపోతే సీసం, కాడ్మియం గోడలకి అంటుకుని నీళ్లలో లేనట్టు కనిపిస్తాయి. బోరు కొట్టగానే వచ్చే నీళ్లు పట్టకూడదు, అవి రాత్రంతా గొట్టంలో ఉన్నవి. కాసేపు పోనిచ్చి, వాహకత (నీళ్లు కరెంటు మోసే గుణం) మీటరు అంకె కదలకుండా నిలబడ్డాక పట్టాలి.

వాహకత అంటే గుర్తొచ్చింది, నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపే, చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఇక్కడ అందరి జేబుల్లోనూ ఉంది. టిన్ను నీళ్లమ్మే కుర్రాడు కూడా ముంచి చూపిస్తాడు. ఆ మీటరుకి సిలికా అస్సలు కనిపించదు. మామూలు పీహెచ్‌లో సిలికా విద్యుదావేశం లేని సిలిసిక్ ఆమ్లంగా ఉంటుంది, కరెంటు మోయదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో లీటరు నీళ్లలో టీడీఎస్‌కి 500, వేరే దిక్కు లేకపోతే 2000 మిల్లీగ్రాములు, ఫ్లోరైడుకి 1.0, గరిష్ఠంగా 1.5 అని ఉన్నాయి. సిలికాకి హద్దే లేదు. హద్దు లేనిదాన్ని రోజువారీ పరీక్షల్లో ఎవరూ అడగరు.

మధ్యాహ్నం ఊరి ఆర్‌ఓ ప్లాంటు చూశాం. వందలో డెబ్బై ఐదు పాళ్లు మంచినీళ్లు తీస్తే మిగిలిన పాతికలోకి ఉప్పులన్నీ నాలుగింతలై చేరతాయి. బోరులో సిలికా లీటరుకి 40 మిల్లీగ్రాములు అనుకుంటే అక్కడ 160. 25 డిగ్రీల దగ్గర నీళ్లు పట్టుకోగలిగేది సుమారు 120. మిగతాది మెంబ్రేన్ (వడపోసే పొర) మీద గాజు పూతలా పేరుకుంటుంది. సున్నపు పొరయితే ఆమ్లంతో కడిగితే పోతుంది, ఇది పోదు, మెంబ్రేన్ పారేసుకోవడమే. సగమే తీస్తే 80 దగ్గర ఆగుతుంది. కానీ బయటికి పోయే నీళ్లు చూసి ఊరు ఊరుకోదు, ఆపరేటరు ఆ నీళ్ల వాల్వు బిగిస్తాడు. ఊళ్లో ప్లాంటు మూలపడ్డాక జనం మళ్లీ బోరు నీళ్లకే పోతారు, ఈ సంగతి మాత్రం ఏ సర్వే కాగితంలోనూ ఉండదు. అందుకే "ఏ నీళ్లు తాగుతున్నారు" అన్న ప్రశ్న కొట్టేసి "ప్లాంటు ఆగిన రోజుల్లో ఏ నీళ్లు" అని, "పెళ్లికి ముందు ఏ ఊళ్లో, ఏ నూతి నీళ్లు" అని రెండు చేర్చారు. జబ్బు ఇవాళ్టి నీళ్లతో వచ్చింది కాదు మరి.

ఎండ వేడి కొలిచే నల్ల గోళం కొబ్బరితోట అంచున ఎండలో, నేల నుంచి మీటరుపైన ఎత్తులో. 15 సెంటీమీటర్ల రాగి గోళం, నల్లరంగు, లోపల థర్మామీటరు. స్థిరపడ్డానికి అరగంట దాకా పడుతుంది, ముందే చదివితే తక్కువ చూపిస్తుంది. పక్కన తడి గుడ్డ చుట్టిన ఇంకో థర్మామీటరు. దానికి డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పట్టి గుడ్డ తడి పీల్చదు, అంకె పైకి పోతుంది. ఒంటికి తగిలే వేడి లెక్క: తడి థర్మామీటరుకి పదింట ఏడు, గోళానికి రెండు, గాలికి ఒకటి. ఉదాహరణకి ఇక్కడి తీరంలో గాలి 35, తడి 28, గోళం 45 ఉంటే మొత్తం 32.1. లోపలి మెట్ట ప్రాంతంలో గాలి 41 ఉన్నా తడి 23, గోళం 50 అయితే 30.2 మాత్రమే. టీవీలో 41 చూసి అయ్యో అంటాం గానీ, 35లో కొబ్బరిచెట్టెక్కేవాడి ఒళ్లే ఎక్కువ ఉడుకుతుంది, చెమట ఆరదు కాబట్టి. పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలు ఉడికించే బాయిలరు దగ్గర ఎండ ఉండదు, అక్కడ లెక్క వేరు: తడికి ఏడు, గోళానికి మూడు. పని దిగేటప్పుడు మూత్రం చుక్క దాని చిక్కదనం చూపే రిఫ్రాక్టోమీటరు మీద వేస్తే 1.020 దాటిందంటే ఒంట్లో నీళ్లు చాల్లేదని అర్థం.

ఈ నీళ్లనే తీసుకెళ్లి ల్యాబులో కిడ్నీ కణాల మీద పోసి చూడొచ్చు కదా అని అడుగుతారు. చూస్తున్నారు. 1994లో తయారైన హెచ్‌కే 2 అనే మనిషి కిడ్నీ గొట్టపు కణాలే దాదాపు అందరికీ దిక్కు. 37 డిగ్రీలు, ఐదు శాతం కార్బన్ డయాక్సైడు. కానీ నూతి నీళ్లని మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) తిన్నగా కలిపితే ఉప్పులు పలచబడి కణాలు ఉబ్బి చస్తాయి, నేరం నీళ్ల మీద పడుతుంది. పొడి మీడియంని ఆ నీళ్లతోనే కలపాలి, పక్కన స్వచ్ఛమైన నీళ్లతో ఇంకోటి, రెండింటి ఆస్మొలాలిటీ (కరిగినవాటి గాఢత) 290 దగ్గర సమానం చెయ్యాలి. 0.22 మైక్రాన్ల ఫిల్టరు బ్యాక్టీరియాని ఆపుతుంది, వాటి ఎండోటాక్సిన్‌ని ఆపదు. అది కొలవకుండా విషం ఉందనకూడదు. 96 గుంటల ప్లేటులో అంచు 36 గుంటల్లో ఉప్పునీళ్లే పొయ్యాలి, అవి ముందు ఆవిరవుతాయి. ఇన్నీ చేసినా ఒక లోటు మిగులుతుంది: మందుల్ని, విషాల్ని లోపలికి లాగే ఓఏటీ 1, ఓఏటీ 3 అనే ద్వారాలు హెచ్‌కే 2లో లేవు. ఆ ద్వారం గుండా వెళ్లే విషమైతే ప్లేటులో కణాలు హాయిగా బతుకుతాయి. పైగా ప్లేటులో మూడు రోజులు, మనిషిలో ఇరవై ఏళ్లు. కణాలు బతికాయని నీళ్లు మంచివనే మాట మాత్రం ఒప్పుకోను.

సాయంత్రం మాటంతా వంశధార నీళ్ల మీదే. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. "నీళ్లొచ్చాయి కదా, రోగులు తగ్గారా" అని అప్పుడే అడుగుతున్నారు. మచ్చకట్టిన కిడ్నీ గొట్టం మంచినీళ్లకి తిరిగి రాదు. ఊరి సగటు క్రియాటినిన్ ఇంకా కొన్నేళ్లు పెరిగినా ఆశ్చర్యం లేదు. చూడాల్సింది ఇవాళ ఇరవై దాటని కుర్రాళ్లని: వాళ్ల వడపోత ఏడాదికి ఎంత తగ్గుతోంది, కొత్తగా 60 కిందికి దిగేవాళ్లు ఎందరు. ఎండే అసలు కారణమైతే నీళ్లు మార్చినా వడపోత తగ్గే ఈ గీత మారదు; నీళ్లయితే వంగుతుంది. గోళం, సీసా, ట్యూబు ఒకే నంబరు మీద ఉండాలనడం ఇందుకే.

రాత్రికి చీటీలు రాసే పని. వడపోత 60 కిందికి ఒక్కసారి వస్తే చీటీ మీద కిడ్నీ జబ్బు అని రాయరు. మూడు నెలల తరవాత మళ్లీ వచ్చినా అలాగే ఉంటేనే. ఈలోగా ఆరెంపీ దగ్గర డైక్లోఫెనాక్ నొప్పి మందు వేయించుకోవద్దని పెద్దక్షరాల్లో రాస్తారు. "నొప్పి బిళ్ల వాడతారా" అంటే అందరూ లేదనే అంటారు, ఇంట్లోని ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంటే నిజం బయటపడుతుంది. పొటాషియం 6 దాటిన వాళ్ల ట్యూబుని ముందుగా దీపం కింద చూడాలి. సీరం గులాబీగా ఉంటే పొద్దున్నే మళ్లీ తీస్తారు, పసుపుగా ఉంటే ఈ రాత్రే ఫోను చేసి ఆసుపత్రికి పంపిస్తారు.