రెండేళ్లకో స్టేబుల్ రిలీజ్ చాలు

“ఇంకా 9.2 మీదే ఉన్నారా? అప్‌గ్రేడ్ అంటే మీ దేశంలో అంత భయమా?” ఇక్కడ జర్మనీలో ఒక సీనియర్, సెక్యూరిటీ లోపాలు వెతికే స్కానర్ ఇచ్చిన రిపోర్టు ముందు పెట్టి అన్న మాట. మొదటి ప్రశ్నకు జవాబు సులువే. రెండోదే గుచ్చుతోంది.

రిపోర్టులో ఎర్రగా కనిపించింది ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్, దూరం నుంచి సర్వర్లోకి వెళ్లడానికి వాడే ప్రోగ్రాం. 2024 జులై 1న బయటపడ్డ లోపాన్ని ఆ ప్రాజెక్టు 9.8లో సరిచేసింది. మేం వాడే లినక్స్ సిస్టమ్, దాదాపు రెండేళ్లకోసారి స్టేబుల్ రిలీజ్ ఇచ్చే డెబియన్, తన 12లో మాత్రం 9.2నే ఉంచి, ఆ సవరణ ఒక్కటే తెచ్చి అందులో కలిపింది. వెర్షన్ చివర డెబ్12యు3, లేదా అంతకన్నా పెద్ద అంకె ఉంటే ఆ లోపం పోయినట్టే. చాలా స్కానర్లు ముందున్న అంకె చూసి ఆగిపోతాయి, తోక చూడవు. కాన్ఫిగ్ ఫైలు కదలకుండా, స్క్రిప్టు ఆగకుండా లోపం ఒక్కటే పోవడం ఎంత పెద్ద సౌకర్యమో సర్వర్లు చూసుకునేవాళ్లకు తెలుసు.

ఇక్కడివాళ్లు ఆర్నెల్లకోసారి అప్‌గ్రేడ్ చేయగలుగుతున్నారంటే అది ధైర్యం వల్ల కాదు. టెస్ట్ సర్వర్లున్నాయి, చాలినంత మంది ఉన్నారు. ఏ మెట్టు దగ్గర తప్పితే ఎలా వెనక్కి రావాలో ముందే రాసి పెట్టుకుంటారు. ఆ అలవాటు మాత్రం మనం నేర్చుకోవాల్సిందే.

మన డిగ్రీ కాలేజీ ల్యాబ్ సంగతి వేరు. నలభై మెషీన్లకు ఒక్క ల్యాబ్ అసిస్టెంటు. వాటి మీద చెయ్యి వేయగలిగేది వేసవి సెలవుల్లోనే. మరో లినక్స్ ఉబుంటు ఆర్నెల్లకోసారి ఇచ్చే మధ్యంతర రిలీజుకు మద్దతు 9 నెలలే. ఏప్రిల్‌లో వచ్చింది మేలో ఎక్కిస్తే జనవరికల్లా, సెమిస్టర్ల నడుమ, ప్యాచ్‌లు ఆగిపోతాయి. ఇంకో లినక్స్ ఫెడోరాకు దాదాపు 13 నెలలు, ఒక్క వేసవి తప్పిందా ఇక అంతే. ఉబుంటు సైతం ఎల్‌టీఎస్‌ను, అంటే ఎక్కువకాలం మద్దతుండే రిలీజును, రెండేళ్లకోసారే ఇచ్చి 5 ఏళ్లు కాస్తోంది కదా! డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టు 9న, మన సెలవులు అయిపోయాక. అయినా నష్టం లేదు. డెబియన్ 12కు ఎల్‌టీఎస్ మద్దతు 2028 జూన్ దాకా ఉంది కాబట్టి 13 వచ్చాక మూడు వేసవులు చేతికి వచ్చినట్టే. ఈలోపు పాయింట్ రిలీజుల్లో, అంటే సవరణలు కలిపిన చిన్న రిలీజుల్లో, తొలి బగ్గులూ తగ్గుతాయి.

12 నుంచి 13కు వెళ్లేటప్పుడు జాగ్రత్తలున్నాయి. సిస్టమ్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే బూట్ పార్టిషన్ 768 ఎంబీ ఉండి, అందులో 300 ఎంబీ ఖాళీ కావాలి. పాత ఇన్‌స్టాలర్ చేసినది తరచూ ఇంతకన్నా చిన్నది, ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. దూరం నుంచి చేస్తుంటే ముందు 12లోనే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌ను తాజా చేయండి. లేదంటే మధ్యలో కనెక్షన్ తెగితే మళ్లీ లోపలికి వెళ్లలేకపోవచ్చు. కరెంటు పోయి ఆగిపోతే ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీకి కాన్ఫిగర్ ఆప్షన్ ఇచ్చి, మిగిలిన పని పూర్తి చేయించాలి. 13లో తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ డైరెక్టరీ ర్యామ్‌లోకి వెళ్లింది, ర్యామ్‌లో సగం దాకా తినగలదు. 4 జీబీ మెషీన్లలో పెద్ద ఫైళ్లు విప్పితే నిండిపోతుంది. ఆ మౌంట్‌ను మాస్క్ చేసి, అంటే పనిచేయకుండా ఆపి, రీబూట్ చేస్తే మళ్లీ డిస్క్ మీదికి వస్తుంది. ఒకసారి దించిన ప్యాకేజీలను దాచి అందరికీ పంచే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీని ల్యాబ్‌లో పెడితే నలభై మెషీన్లకూ డౌన్‌లోడ్ ఒక్కసారే.

రెండేళ్లు దాటితే మాత్రం నేనూ ఒప్పుకోను. 2002 జులైలో వచ్చిన డెబియన్ వుడీ తర్వాత దాని తదుపరి రిలీజు సార్జ్ రావడానికి 2005 జూన్ దాకా పట్టింది, అది మరీ ఎక్కువ. రెండేళ్ల పద్ధతిలోనూ ఒక లోటుంది. డెస్క్‌టాప్ గ్నోమ్ ఆర్నెల్లకోసారి వస్తుంది, డెబియన్ 12లో దాని 43వ వెర్షన్ ఉంటే 13లో 48 ఉంది. నడుమ ఎవరైనా కూర్చుని చేసిన తెలుగు అనువాదం స్టేబుల్ వాడేవాళ్లకు చేరాలంటే అంతకాలం ఆగాల్సిందే. ఈ ఒక్క విషయంలో ఆర్నెల్ల పద్ధతే మనకు మేలు. కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై పట్టకపోతే ముందు బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్ కోసం తయారుచేసిన కొత్త వెర్షన్ల భండారం) నుంచి కెర్నల్, దాని ఫర్మ్‌వేర్ తెచ్చి చూడండి, మిగతాదంతా స్టేబుల్‌లోనే ఉంచండి.