ఏడు బ్లాకుల నీరు

బ్లాకులు పేర్చి లోకాన్ని కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో చదునైన నేల మీద ఒకచోట బకెట్ నీళ్లు పోస్తే అవి ఏడు బ్లాకుల దూరం పాకి ఆగిపోతాయి. ఎనిమిదో బ్లాకు పొడిగానే ఉంటుంది. ఒక్క మెట్టు కిందికి దింపితే మళ్లీ కొత్తగా ఏడు బ్లాకులు సాగుతాయి. ఆ ఆట ఆడేవాళ్లందరికీ మొదట్లోనే తెలిసిపోయే సంగతి ఇది. డిగ్రీ రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో నాకు నా సొంత గోదావరి డెల్టాను చూపించింది ఈ నియమమే.

మాది మలికిపురం దగ్గర ఒక ఊరు. గోదావరి పాయల్లో ఒకవైపు వైనతేయ, మరోవైపు వశిష్ఠ, దిగువన సముద్రం. తాతయ్య వరి పండిస్తారు, గట్ల మీద కొబ్బరి ఉంది. నేను అమలాపురంలో బీకాం చదువుతున్నాను. ఇంజినీరింగుతో నాకు ఏ సంబంధమూ లేదు. ఆటలు మాత్రం హైస్కూలు రోజుల నుంచీ ఆడుతున్నాను. నా తోటివాళ్లలో చాలామంది ఫోనులో పబ్‌జీ ఆడుతూ పెరిగారు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించాక, మరుసటి ఏడాది దాని భారతీయ రూపంగా వచ్చిన బీజీఎంఐకి మారారు. ఆ ఆటల్లో ఉండే చురుకుదనం, జట్టుగా ఆడడంలోని సంతోషం నాకు తెలుసు. అయినా నా మనసు ఎప్పుడూ కట్టుకునే ఆటల వైపే పోతుంది. మైన్‌క్రాఫ్ట్ 2011లో పూర్తి రూపంలో విడుదలైంది. ఇప్పటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అందులో గెలవాలన్న తొందర లేదు. నేల ఉంది, నీరు ఉంది, చేతిలో పార ఉంది.

"అక్కా, మన ఊరు కడదామా?" అని బాబాయి కొడుకు అడిగాడు. వాడు ఎనిమిదో తరగతి. ఊరొక్కటే ఎందుకు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడి నుంచే కడదాం అన్నాను. 2014లో డెన్మార్క్ ప్రభుత్వ సంస్థ ఒకటి తమ దేశం మొత్తాన్ని అసలు కొలతలతో ఈ ఆటలోకి తెచ్చింది. వాళ్ల దగ్గర దేశమంతటి ఎత్తుల లెక్కలు ఉన్నాయి. మా దగ్గర పాత ల్యాప్‌టాప్, ఒక లెక్కల నోటు పుస్తకం ఉన్నాయి. అందుకని మొత్తం డెల్టా వద్దనుకుని మధ్య డెల్టా ఒక్కటే తీసుకున్నాం: బొబ్బర్లంక దగ్గర కాలువ బయలుదేరే చోటు నుంచి అంతర్వేది దాకా.

అడ్డంగా యాభై మీటర్లకు ఒక బ్లాకు, నిలువుగా మీటరుకు ఒక బ్లాకు అని పెట్టుకున్నాం. గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరే ఈ లెక్క కుదరలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, వాటికి 70, 43, 23, 39 చొప్పున మొత్తం 175 గేట్లు. గేటుకు ఒక్క బ్లాకే ఇచ్చినా నది మా కొలతను మించి వెడల్పు కావాలి. తమ్ముడు గేట్లు తగ్గిద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. వరద రోజుల్లో టీవీలో "మొత్తం 175 గేట్లు ఎత్తివేత" అని వింటూ పెరిగినవాళ్లం, ఆ అంకెను ఎలా తగ్గిస్తాం? నదినే వెడల్పు చేశాం.

గేట్ల పని నాకు ఎంతో ఇష్టమైన భాగం. పైన కిందికి చూసే జిగురు పిస్టన్ (తనకు అంటుకున్న బ్లాకును నెట్టి, మళ్లీ లాగే యంత్రం), దాని కింద రాతి బ్లాకు. ఆటలో కరెంటులా పనిచేసే రెడ్‌స్టోన్ సంకేతం అందితే రాయి దిగి నీటిని ఆపుతుంది, సంకేతం తీసేస్తే పైకి లేస్తుంది. అసలు బ్యారేజీ గేట్లూ పైకి లేచేవే. రెడ్‌స్టోన్ సంకేతం పదిహేను బ్లాకులకు మించి పోదు, ఆ తర్వాత రిపీటర్ పెట్టి బలం ఇవ్వాలి. ప్రతి రిపీటర్ దగ్గరా సెకనులో పదో వంతు ఆలస్యం. అందువల్ల ధవళేశ్వరం వైపు డెబ్బై గేట్లు ఒక్కసారిగా కాకుండా గుంపులు గుంపులుగా, ఒక చివర నుంచి మరో చివరకు లేస్తూ పోయాయి. మేము అలా కావాలని చేయలేదు. కానీ అది చూసి తమ్ముడు పదే పదే మీట నొక్కుతూ కూర్చున్నాడు.

అసలు చిక్కు కాలువలో వచ్చింది. బ్యారేజీ ఎగువన నిలిచే నీరు సముద్ర మట్టానికి పద్నాలుగు మీటర్ల ఎత్తు లోపే. అంటే మా లెక్కలో పద్నాలుగు మెట్లు. మెట్టుకు ఏడు బ్లాకుల చొప్పున నీరు నిజంగా పారేలా తవ్వితే తొంభై ఎనిమిది బ్లాకుల్లో మా ఎత్తంతా అయిపోతుంది. మేము చేరవలసిన దూరం పధ్నాలుగు వందల బ్లాకులు. పారే నీటితో కాలువ కడితే ఆత్రేయపురం కూడా దాటదు. పోనీ కాలువ అంతా నిండు బ్లాకులతో నింపేద్దామా అంటే, అది కదలని నీరు. పడవ వేస్తే వేసిన చోటే ఉంటుంది.

ఈ ముడి ఆటలో విడిపోలేదు, బయట విడిపోయింది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక అడుగు బయటపడుతుంది. పూడిక తీతలు, గేట్ల మరమ్మతులు అప్పుడే. నాన్న బండి మీద లొల్ల లాకుల దాకా వెళ్లాం. ఎన్నో సినిమాలు తీసిన చోటు అని మాత్రమే నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ లాకు అంటే దాటడానికి కట్టిన వంతెనలాంటిదనే నా ఊహలో ఉండేది. నీళ్లు లేని కాలువలో నిలబడి చూస్తే ఎగువ అడుగు ఒక ఎత్తులో, దిగువ అడుగు ఒక ఎత్తులో ఉన్నాయి. మరమ్మతు పనిలో ఉన్న లస్కరు (కాలువ, గేట్లు చూసుకునే ఉద్యోగి) గారిని "బాబాయి గారూ, ఇక్కడ ఎందుకింత తేడా?" అని అడిగాను. "పడవలు దింపడానికమ్మా. పైనున్న నీటిని ఒక మట్టంలో పట్టి ఉంచి, ఇక్కడ ఒక్కసారి దించుతారు" అన్నారు. కాటన్ కాలం నాటి ఈ కాలువలు సాగునీటికే కాదు, ధాన్యం పడవల రాకపోకలకు కూడా తవ్వినవి. రెండు లాకుల మధ్య నీరు దాదాపు మట్టంగా, నెమ్మదిగా సాగుతుంది. దిగవలసిన ఎత్తులో పెద్ద వాటా లాకుల దగ్గరే దిగుతుంది.

మా ఆటకు కావలసిందీ అదే. రెండు లాకుల మధ్య నిండు నీరు, లాకు దగ్గర ఒక్క మెట్టు జలపాతం. ఇప్పుడు పద్నాలుగు మెట్లను పధ్నాలుగు వందల బ్లాకుల మీద ఎక్కడెక్కడ ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న.

తాతయ్య అప్పటిదాకా మా వెనక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఎత్తు ఎలా పంచాలో అర్థం కావడం లేదని చెబితే కళ్లద్దాలు సర్దుకుని, "పైనుంచి లెక్క పెట్టకమ్మా. మన చేను మట్టం ఎంతో ముందు రాసుకో. అక్కడి నుంచి ఎగువకు ఎక్కుతూ రా" అన్నారు. ఎత్తు మా ఇంటి నెల ఖర్చులాంటిదని అప్పుడు తెలిసింది, మొదటి వారం చేతికి అందినంత తీసేస్తే ఆఖరి వారానికి మిగలదు. మా చేలు సముద్రానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. బోదెలో, అంటే చేలకు నీరిచ్చే పిల్ల కాలువలో, నీరు చేనుకు ఎక్కాలంటే చేను కంటే ఒక మెట్టు పైన ఉండాలి. దానికి ముందు కాలువ వైనతేయ మీదుగా దాటాలి, అక్కడ వరద నీరు తగలనంత ఎత్తులో ఉండాలి. ఇలా శివారు నుంచి ఎగువకు లెక్క కట్టుకుంటూ వస్తే లొల్ల దగ్గర వాడుకోవడానికి మాకు మిగిలింది రెండే మెట్లు.

తాతయ్య జీవితమంతా చెప్పిన మాట ఒకటుంది: "మనది శివారు ఆయకట్టు, మన దాకా వచ్చేసరికి నీరు నీరసపడుతుంది." సార్వా (వానాకాలపు వరి) ఊడ్పుల సమయంలో ఎగువన నాట్లు పూర్తవుతుంటే మా దగ్గర ఆకుమడికి కూడా తడి అందని ఏడాదులు నేను చూశాను. అది ఎవరో పట్టించుకోకపోవడం వల్లే అనుకునేదాన్ని. పట్టించుకోకపోవడం ఉంటే ఉండవచ్చు. కానీ దాని కింద భూమి ఎత్తుకు సంబంధించిన ఇంత కఠినమైన లెక్క ఉందని ఏ తరగతిలోనూ ఎవరూ నాకు చెప్పలేదు. నోటు పుస్తకంలో ఆ రెండు మెట్లూ రాసుకున్నప్పుడు మా తాతయ్య మీద గౌరవం ఎంత పెరిగిందో మాటల్లో పెట్టలేను. ఆయన ఈ లెక్కను పార భుజాన వేసుకుని చేలో నడిచి నేర్చుకున్నారు.

పి. గన్నవరం అక్విడెక్టు కట్టడానికే ఎక్కువ రోజులు పట్టింది. పాతదాన్ని 1850లలో, కాటన్ దగ్గర పనిచేసిన హేగ్ అనే ఇంజినీరు కట్టించాడు. నలభై తొమ్మిది కమానులు. పక్కనే ఇప్పుడు వాడుకలో ఉన్న కొత్తది, దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కింద నది, పైన కాలువ. ఆటలో మెట్ల బ్లాకులను తలకిందులుగా ఎదురెదురుగా పెడితే కమాను వంపు వస్తుంది. నలభై తొమ్మిదీ పెట్టాం. పైన రాతి తొట్టిలో నీరు నింపి, తమ్ముడు కింద వైనతేయలో పడవ మీద, నేను పైన కాలువలో పడవ మీద, ఒకరి నెత్తి మీదుగా ఒకరం దాటాం. ఆ సాయంత్రం మా ఇద్దరి ఆనందం చూసి అమ్మ కూడా వచ్చి నిలబడింది. ఆడపిల్ల రోజంతా తెర ముందు కూర్చోవడం ఆమెకు నచ్చదు. "ఇది మన గన్నవరమేనా?" అని అడిగి, కాసేపు చూసి, ఇద్దరికీ జామకాయలు కోసి తెచ్చింది.

చేల దగ్గర ఆట మాకు అంతగా సహకరించలేదు. మైన్‌క్రాఫ్ట్‌లో వరి లేదు. గోధుమ, బంగాళదుంప, క్యారెట్, బీట్‌రూట్ ఉన్నాయి. దున్నిన నేలకు నాలుగు బ్లాకుల లోపు నీరుంటే చాలు, తడి అందుతుంది. కాబట్టి తొమ్మిది బ్లాకులకు ఒక బోదె సరిపోయింది. కానీ పైరు మీదికి నీరు పారితే పైరు ఊడిపోతుంది. నీటిలో నిలబడే పంటను ఆ ఆట ఊహించలేదు. చివరికి ఒక బ్లాకు లోతు నీటిలో సముద్రపు గడ్డి పెంచాం. దూరం నుంచి చూస్తే ఆకుమడిలాగే ఉంటుంది. తీరం మాత్రం బాగా వచ్చింది. 2022లో ఆటకు మడ చెట్లు, బురద నేల చేర్చారు. మా తీరంలో ఏటి మొగల దగ్గర పెరిగే మడలు ఎలా ఉంటాయో దాదాపు అలాగే వేళ్లు నీటిలోకి దిగుతాయి.

అంతా అయిందనుకుంటుండగా తాతయ్య అడిగారు: "నీళ్లు తెచ్చారు, బాగుంది. తీసేది ఎటు?"

మేము మురుగు కాలువల గురించి ఆలోచించనే లేదు, ఎందుకంటే ఆటలో వాటి అవసరమే రాదు. మైన్‌క్రాఫ్ట్‌లో ఎంత వాన కురిసినా నీటి మట్టం వేలెడు కూడా పెరగదు. సముద్రానికి పోటు, పాటు లేవు. కోనసీమలో సగం కష్టం అక్కడే ఉంది. వాన కురిస్తే చేను మునుగుతుంది, డ్రెయిను లాగదు, పోటు సమయంలో సముద్రం ఎదురు తంతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా ఉంది. ఆటకు అక్కరలేకపోయినా డ్రెయిన్లు తవ్వాం. అమలాపురం వైపు కౌశికను, మా వైపు చిన్నవాటిని. సాగు కాలువ మెరకల వెంట పోవాలి, డ్రెయిను పల్లాల వెంట పోవాలి. రెండూ ఒకదాన్నొకటి దాటే చోట్లు ఎన్ని ఉన్నాయో అప్పుడే చూశాను.

ఏటిగట్లు కట్టాక తమ్ముడు వరద తెద్దామన్నాడు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడోదానికి ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో వచ్చింది 35 లక్షలు. ఆటలో ఒక్క ఆజ్ఞతో 32,768 బ్లాకుల దాకా నీరు నింపవచ్చు. పొర మీద పొర పోస్తూ గట్టు దాటించాం. నీరు గట్టు దిగింది, ఏడు బ్లాకులు పాకింది, ఆగిపోయింది. అవతల మా ఊరు పొడిగా ఉంది.

తాతయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తెర మీద వేలు పెట్టి, ఆ ఏడు గోదావరి ఎటు నుంచి వచ్చిందో, పశువులను ఏ మెరక మీదికి తోలారో, ఏ ఇళ్లవాళ్లు ఎవరి డాబా ఎక్కారో చెప్పడం మొదలుపెట్టారు. నేను ఆజ్ఞలు కొడుతూ ఆయన చెప్పిన చోటల్లా నీరు నింపాను. ఆ కథ అంత వివరంగా ఇంట్లో ఎవరూ వినలేదు. నాన్న కూడా పక్కన కూర్చున్నారు.

నేను ఆటకు ఇంత సమయం ఎందుకు ఇస్తానని అడిగేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. పరీక్షలకు చదవవలసిన వేళ చదువుతాను, మార్కులూ బాగానే వస్తాయి, ఆ ప్రశ్నకు నా జవాబు మాత్రం అది కాదు. ఒక నియమం ఇచ్చి, దాని లోపల నీ ఊరిని నిలబెట్టమంటే, ప్రతి అడుగుకూ ఊరి గురించి ఒక ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నలతో నేను లస్కరు దగ్గరికి, నాన్న బండి మీద లాకుల దగ్గరికి, తాతయ్య దగ్గరికి వెళ్లాను. నా చదువు నన్ను ఇంకా అలా ఎక్కడికీ పంపలేదు.

జూన్‌లో కాలువలు వదిలారు. ఇప్పుడు తమ్ముడు డ్రెయిన్ల మొగల దగ్గర పోటు వచ్చినప్పుడు మూసుకునే తలుపులు పెడుతున్నాడు. ఆటలో పోటు లేదు కాబట్టి పగలు మూసుకుని రాత్రి తెరుచుకునేలా వెలుతురు సెన్సర్‌కు కలిపాడు. ల్యాప్‌టాప్ మాత్రం అలసిపోయింది. ఎనిమిది చంకులకు (ఆట నేలను పంచుకునే ముక్కలు) మించి దూరం చూపించమంటే ఆగిపోతుంది. సంక్రాంతి సెలవులకు దాని మెమొరీ పెంచిస్తానని నాన్న మాట ఇచ్చారు. అప్పుడు విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా మొదలుపెడతాం. భీమవరం దగ్గరున్న మా మామయ్య గారి చేను మట్టం ఎంతో కనుక్కోమని ఇప్పటికే ఫోను చేశాను.