లజ్ చుట్టూ ఒక ఆదివారం

ఈ ఉదయం ఎండ ముదరకముందే చెన్నైలోని వేళచ్చేరిలో ఎమ్మార్టీఎస్ అనే నగర రైలెక్కి, అనంతపురం నుంచి సెలవులకు వచ్చిన మా అన్నయ్య కూతురిని వెంటబెట్టుకుని మైలాపూరులోని తిరుమయిలై స్టేషనులో దిగాను. మైలాపూరు అనగానే వచ్చినవారందరూ కపాలీశ్వరుని కోనేటి వైపే సాగుతారు. మేము మాత్రం పడమరకు, మైలాపూరులోనే లజ్ అనే ప్రాంతం వైపు తిరిగి, లజ్ చర్చి రోడ్డు, రాయపేట హైరోడ్డు చుట్టి మళ్లీ ఇదే స్టేషనుకు చేరాలనుకున్నాము.

స్టేషనును ఆనుకునే బకింగ్‌హాం కాలువ పారుతుంది. పారుతుందని అనడం కేవలం మర్యాద కోసమే. ఈ కాలువ పని 1806లో మొదలైనా, నగరం నడుమ కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని మాత్రం ధాత కరువు రోజుల్లో, 1876-78 మధ్య, కూలీలకు ఇంత గంజి దొరకడానికని కరువు పనిగా తవ్వించారు. ఒకప్పుడు కోస్తా జిల్లాల సరుకు పడవల మీద పట్నానికి చేరిన ఈ నీటిదారిలోనే ఇప్పుడు రైలు వంతెన స్తంభాలు పాతుకుని ఉన్నాయి.

మెట్రో పనుల రేకుల గోడలను తప్పించుకుంటూ నాగేశ్వరరావు పార్కు చేరేసరికి, ఉదయపు నడకకు వచ్చినవారితో అది కిటకిటలాడుతోంది. "అత్తా, అమృతాంజనం ఆయన పేరేనా ఇది?" అని మా పిల్ల అడిగింది. ఆయన పేరే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ తలనొప్పి మందు తెచ్చిన డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్ర పత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో దానిని మద్రాసుకు తెచ్చి దినపత్రికగా నడిపించారు. 1924లో భారతి మాసపత్రికను కూడా ప్రారంభించారు. సంపాదించినవారు చాలామంది ఉంటారు గాని, దానిని అచ్చు అక్షరాల మీద ఇంత ధారాళంగా ఖర్చు పెట్టినవారు నాకు తెలిసి తక్కువ.

ఆయన ఇల్లు శ్రీబాగ్ ఈ లజ్ ప్రాంతంలోనే ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తావారిదే పెత్తనమవుతుందని రాయలసీమ నాయకులు శంకించగా, ఉభయులూ ఆ ఇంట్లో కూర్చుని 1937 నవంబరు 16న ఒక ఒప్పందానికి వచ్చారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, నదీజలాల్లో పదేళ్లపాటు సీమకు ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమకే అన్నవి అందులోని ముఖ్యాంశాలు. తమ ఊళ్లో నీళ్ల గురించి ఏ సభ జరిగినా శ్రీబాగ్ మాట వినిపిస్తుందనీ, అది మద్రాసులోని ఒక ఇంటి పేరని మాత్రం ఇన్నాళ్లూ తనకు తెలియదనీ మా పిల్ల చెప్పింది.

లజ్ చర్చిలో ప్రార్థన జరుగుతున్నందున లోపలికి పోలేదు. 1516 నాటిదని చెప్పే ఈ పోర్చుగీసు కట్టడం ఒకప్పుడు అడవి నడుమ ఉండేదట. తమిళులు దీనిని ఇప్పటికీ కాట్టుక్కోయిల్ అంటారు.

అక్కడి నుంచి రాయపేట హైరోడ్డుకు చేరుకుని, 126వ నంబరు ముందు ఆగాము. స్వాతంత్ర్య సమరయోధులు బులుసు సాంబమూర్తిగారి నివాసమైన ఈ ఇంట్లోనే పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. ఆయన కోరింది మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం. ఆయన పుట్టింది కూడా ఈ నగరంలోనే కనుక, ఆ కోరికను ఎక్కడి నుంచో వచ్చినవారి పట్టుదలగా చూడడం నాకెప్పుడూ సరిగా తోచదు. మరణించిన నాలుగు రోజులకే నెహ్రూ రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. ఒప్పందం కుదిరిన చోటికీ ఈ ఇంటికీ మధ్య దూరం తీరిగ్గా నడిచినా అరగంట పట్టదు; ఆ రెంటి నడుమ గడిచినవి మాత్రం పదిహేనేళ్లు.

తిరుగుదారిలో లజ్ కూడలి దగ్గర కాఫీ తాగుతూ, ఆ ఒప్పందం వల్లనే కదా 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయ్యింది అని నేను అన్నాను. "అది మూడేళ్ల ముచ్చటే కదత్తా, 1956లో హైదరాబాదుకు పోయింది. మరి మా విశ్వవిద్యాలయం ఎప్పుడొచ్చిందో చెప్పు" అని ఎదురు ప్రశ్న వేసింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అనంతపురంలో ఏర్పడింది 1981లో. శ్రీబాగ్‌లో మాట ఇచ్చిన నలభై నాలుగేళ్లకు.